క్వారీ గుంత నీళ్లు చీనీకి పెట్టొచ్చా? ఎనుములకు తాపొచ్చా?

ప్రశ్న: మా చీనీ తోట పక్కన పని ఆపేసిన సున్నపురాయి క్వారీ ఉంది. గుంతలో వాన నీళ్లు నిలిచాయి. మోటారు పెట్టి చెట్లకు పారించవచ్చా? ఎనుములకు తాపొచ్చా? గట్టు మీద చినిగిన సంచిలో యూరియా లాంటి తెల్ల గుళికలు ఉన్నాయి. చెట్లకు వేసుకోవచ్చా?
– ఓ రైతు, యాడికి మండలం, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ సంచి సంగతి. దయచేసి దాన్ని ముట్టుకోకండి, చెత్తతో కలిపి కాల్చకండి. క్వారీల్లో రాయి పేల్చడానికి అమ్మోనియం నైట్రేట్ గుళికలకు నూటికి ఆరు పాళ్ల డీజిల్ కలిపి వాడతారు. మీరు చూసినవి అవే కావచ్చు. 2012 నాటి నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా అమ్మోనియం నైట్రేట్ దగ్గర పెట్టుకోకూడదు. పశువులు ఉప్పదనానికి దాన్ని నాకితే ప్రాణం మీదికి వస్తుంది. క్వారీ వాళ్లకూ పోలీసులకూ చెప్పి తీయించండి, అందాకా మందను అటు తోలకండి.

ఇక నీళ్లు. రాయి పేల్చడానికి తొలిచిన రంధ్రాలు తడిసి ఉంటే, వాటిలో పోసిన పేలుడు మందు కరిగిపోయి కొంత పేలకుండా మిగులుతుంది. అందులోని అమ్మోనియంను బంకమట్టి పట్టి ఉంచుతుంది. కొన్ని వారాల్లో సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మార్చేస్తాయి. నైట్రేట్‌ను మాత్రం మట్టి పట్టుకోలేదు. సున్నపురాయి పగుళ్లగుండా నేరుగా బోరుబావికి చేరుతుంది. రంగు, వాసన, రుచి ఏవీ దాన్ని పట్టివ్వవు. నీళ్లు కాచినా పోదు, ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పేలుడుకు ఊతమిచ్చే బూస్టర్లలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం ఉంటుంది. అది మట్టికి, వేళ్లకు అంటుకుని ఎక్కువ దూరం పోదు. జావలా ఉండే కొన్ని స్లర్రీ పేలుడు మందుల్లోని పెర్‌క్లోరేట్ అనే లవణం అలా కాదు. నీళ్లతోనే ప్రయాణించి ఆకుల్లో చేరుతుంది, థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. అందుకే ఆ నీళ్లతో ఆకుకూరలు పెంచవద్దు.

పరీక్ష చేయించేదాకా ఎనుములకు తాపవద్దు. మనుషులు తాగే నీటికి నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. పశువులు అంతకన్నా ఎక్కువ తట్టుకుంటాయి గానీ, మేతలో ఉన్నదీ నీళ్లలో ఉన్నదీ కడుపులో ఒక్కటవుతాయి. వానల్లేక వాడిన పచ్చిజొన్నలో నైట్రేట్ ముందే పేరుకుని ఉంటుంది, కాడ అడుగున మరీ ఎక్కువ. అలాంటి చొప్ప మేసి ఈ నీళ్లు తాగితే పొట్టలో అది నైట్రైట్‌గా మారి రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. ఎగశ్వాస, తూలడం, నీలి గోధుమరంగుకు తిరిగిన చిగుళ్లు, చాక్లెట్ రంగు రక్తం కనిపిస్తాయి. కొన్ని గంటల్లోనే చనిపోవచ్చు. వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు నరానికి ఇచ్చే మిథిలీన్ బ్లూతోనే కాపాడగలం, నాటుమందులతో పొద్దు పోగొట్టవద్దు.

చీనీకైతే నైట్రేట్ ఎరువే. లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే వెయ్యి లీటర్ల నీళ్లు పెట్టడం దాదాపు 50 గ్రాముల యూరియా వేయడంతో సమానం. ఆ లెక్కన యూరియా తగ్గించుకోండి. పూత కోసం నీళ్లు ఆపి తోటను బెట్టకు పెట్టే రోజుల్లో మాత్రం ఈ నీళ్లు వద్దు. లేత చిగురు తోసుకొచ్చి పూత దెబ్బతింటుంది, ఆకుముడత పురుగు కూడా వాలుతుంది. నీటి మీద డీజిల్ తెట్టె తేలుతుంటే అసలే పారించకండి.

శుభ్రమైన సీసా నిండా నీళ్లు పట్టి, మంచుగడ్డల మధ్య పెట్టి మరుసటి రోజులోపు ల్యాబ్‌కు చేర్చండి. నైట్రేట్, లవణాలు చూడమని చెప్పండి, పేలుడు పదార్థాలు వాడిన క్వారీ అని కూడా చెప్పండి. మీ ఇంటి బోరు నీళ్లు వేరే సీసాలో తీసుకెళ్లండి. వానల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో మరోసారి చేయించండి.