రాయడానికి కూర్చోగానే బుర్రలో గోల: నాకు పనికొచ్చిన పద్ధతి

కథ మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ధ్యానం చేస్తున్నా ఆలోచనలు ఆగట్లేదు, ఆగిన రోజున నిద్ర ముంచుకొస్తోంది అని మీరు అన్నారు. నాకైతే తప్పు మీ ధ్యానంలో లేదు, "ఆలోచనలు ఆగాలి" అని మీరు పెట్టుకున్న షరతులో ఉందనిపిస్తోంది. బౌద్ధుల ఆనాపానసతి ధ్యానంలో కూడా ఊపిరిని గమనించడమే పని. మనసు ఎటో పోతే, పోయిందని గుర్తించి మళ్లీ ఊపిరి దగ్గరికి రావడం, అంతే. బుర్రను ఖాళీ చేయమని ఎవరూ అడగలేదు.

నిద్ర వస్తోంది కాబట్టి కళ్లు తెరిచే కూర్చోండి. ఫోను పక్క గదిలో పెట్టేసి, ఐదు నిమిషాలు చుట్టూ వినబడే చప్పుళ్లు మాత్రం వినండి. కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ, ఫ్యాను కిర్రుమనడం, ఏదైనా సరే. మధ్యలో కరెంటు బిల్లు గుర్తొస్తే చిత్తుకాగితం మీద రాసేసి వదిలేయండి (నా కాగితం సగం కిరాణా లిస్టే!). తర్వాత విన్నవాటిలో ఒకదాని గురించి మూడు వాక్యాలు రాయండి. ఉపమానాలు వద్దు, ఉన్నదున్నట్టు. అప్పటికే చెయ్యి కదులుతూ ఉంటుంది కాబట్టి కథలోకి వెళ్లడం తేలిక.

మదనపల్లెలో 1895లో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1961లో రాయడం మొదలుపెట్టిన డైరీ దొరికితే చూడండి. కళ్లెదుట ఉన్న నదినో చెట్టునో వర్ణిస్తూ మెల్లగా లోపలి నిశ్శబ్దం గురించిన మాటల్లోకి వెళ్తారు.

ఇంకోటి, మొదటి ఇరవై నిమిషాలు కొట్టివేతలు వద్దు. ఇది మాత్రం నాకింకా కష్టంగానే ఉంది. ఓ వారం చేసి ఎలా ఉందో చెప్పండి.