సౌజన్యకి, పీహెచ్‌డీ మొదలుపెట్టే ముందు

సౌజన్యా,

నువ్వు సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. టాపిక్ ఏంటని అడిగితే "మానిఫోల్డ్‌కి ఏదో చేస్తుందట అన్నయ్యా" అంది. గర్వపడ్డాను. రాత్రి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. ఎందుకంటే, నాకర్థమైనంతలో నీ పని రియల్ మానిఫోల్డ్‌ని (దగ్గర్నుంచి చూస్తే మామూలు తలంలా ఉండే ఆకారాన్ని), దాన్ని కదిలించే సౌష్టవాల గ్రూప్‌తో సహా, సంకీర్ణ సంఖ్యల్లోకి పెంచడం.

గ్రూప్ లేకపోతే సంగతి తేలిక. ఏ రియల్ అనలిటిక్ మానిఫోల్డ్‌కైనా (ఘాత శ్రేణులతో వర్ణించగలిగినదానికి) కాంప్లెక్సిఫికేషన్, అంటే దాన్ని తనలో ఇముడ్చుకునే సంకీర్ణ మానిఫోల్డ్, ఉంటుందని విట్నీ, బ్రూహా 1959లో చూపించారు. అందులో ఎంత సన్నటిది కావాలంటే అంత సన్నటి స్టైన్ పరిసరం (సంకీర్ణ అవకలనీయ ప్రమేయాలు పుష్కలంగా ఉండే చుట్టుపక్కల ప్రాంతం) దొరుకుతుందని గ్రావెర్ట్ 1958లోనే చెప్పాడు. చదివేసుకో. కాంపాక్ట్ గ్రూప్ (భ్రమణాల్లా, అనంతానికి సాగిపోనిది) కూడా టెన్షన్ పెట్టదు. గోళం సమీకరణంలో నిరూపకాలను సంకీర్ణ సంఖ్యలుగా తీసుకుంటే, భ్రమణాల గ్రూప్ తన సంకీర్ణ రూపంతో సహా వెంట వస్తుంది.

నా భయమంతా కాంపాక్ట్ కాని గ్రూపులతోనే. మా రోజుల్లో ఒక సీనియర్ ఉండేవాడు, మా అందరికంటే తెలివైనవాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రష్యన్ లెక్కల పుస్తకాలు ఏరుకునేవాడు, టీ డబ్బులు మాత్రం నా చేత కట్టించేవాడు. థీసిస్ మొదటి పేజీలోనే "గ్రూప్‌ని దాని కాంప్లెక్సిఫికేషన్‌లో ఉపగ్రూప్‌గా తీసుకుందాం" అని రాసేశాడు. తర్వాతి అధ్యాయాలన్నీ ఆ వాక్యం మీదే నిలబడ్డాయి. వైవాలో పరీక్షకుడు ఒకటే అడిగాడు: "ఎస్‌ఎల్(2, ఆర్) యూనివర్సల్ కవర్‌ సంగతేమిటి?" ఎస్‌ఎల్(2, ఆర్) అంటే డిటర్మినెంట్ 1 ఉన్న 2×2 వాస్తవ మాత్రికల గ్రూప్; దాని మీద పొరలు పొరలుగా పరుచుకుని, చుట్లన్నీ విప్పేసిన గ్రూప్ దాని యూనివర్సల్ కవర్. ఆ కవర్ నుంచి ఏ సంకీర్ణ లీ గ్రూప్‌లోకి (సంకీర్ణ మానిఫోల్డ్ కూడా అయిన గ్రూప్‌లోకి) హోమోమార్ఫిజం, అంటే గుణకారాన్ని నిలబెట్టే మ్యాపింగ్, తీసుకున్నా అది ఎస్‌ఎల్(2, ఆర్) మీదుగానే పోవాలి. కవర్ కేంద్రంలో (అన్నిటితోనూ క్రమం మార్చుకోగల మూలకాల్లో) అనంతమైనన్ని మూలకాలు తత్సమ మూలకంలో కలిసిపోతాయి. ఇక ఉపగ్రూప్ ఎక్కడిది? బోర్డు ముందు చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత లెక్కల జోలికి రాలేదు. అంత బుర్ర అలా పోయింది తల్లీ.

అందుకే అడుగుతున్నా, నీ నోట్సులో ప్రతి చోటా గుర్తుపెట్టు: పెంచిన మానిఫోల్డ్ మీద పనిచేసేది అసలు గ్రూపా, దాని సంకీర్ణ రూపమా? మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదు. యాక్షన్ (గ్రూప్ పనిచేసే తీరు) ప్రాపర్ అవునో కాదో, అంటే ఒక కాంపాక్ట్ ముక్కను తనతోనే తాకేలా కదిపే మూలకాలు కాంపాక్ట్‌గానే ఉంటాయో లేదో, కూడా ముందే రాసుకో. గైడ్ చెప్పాడని తల ఊపకు. నీకు చిన్నప్పటి నుంచీ ఆ అలవాటుంది, ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూడా అంతే!

హాస్టల్ మెస్‌లో రాత్రిపూట మానేయకుండా తిను.

ఈలోగా ఎగువ అర్ధతలాన్ని (ఊహా భాగం ధనాత్మకమైన సంకీర్ణ సంఖ్యల్ని) చేత్తో చేసి చూడు. దాన్ని ఎగువ, దిగువ అర్ధతలాల లబ్ధంలో, ప్రతి బిందువునూ దాని సంయుగ్మంతో జత చేసి, కూర్చోబెట్టు. ఎస్‌ఎల్(2, ఆర్) అక్కడ హాయిగా తిరుగుతుంది. దాని సంకీర్ణ రూపం ఎస్‌ఎల్(2, సి)లో ఏ మూలకం నిన్ను బయటికి తోసేస్తుందో కనుక్కుని, ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు రాసుకుని తీసుకురా.

మావయ్య