చెప్పుకోదగ్గ కథేమీ లేదు, పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ఏం రాయాలి?

మార్కులు బాగానే ఉన్నాయి, జీవితంలో గొప్ప మలుపులేవీ లేవు, యూనివర్సిటీ అడ్మిషన్ కోసం మన గురించి మనం రాసుకునే ఆ పేజీ ఎలా నింపాలో తెలియడం లేదు అన్నారు మీరు. మలుపులు లేకపోతే ఏం కాదు. నేను సివిల్ ఇంజనీరింగ్ ఎంఎస్‌కి అప్లై చేసినప్పుడు నా దగ్గరా కష్టాల కథ గానీ మెడల్స్ గానీ లేవు. ఉన్నదల్లా కాంక్రీట్ ల్యాబ్‌లో చేసిన ఒక ప్రాజెక్టు.

సిమెంట్ కొంత తగ్గించి, ఆ మేరకు ఫ్లై యాష్ (థర్మల్ పవర్ ప్లాంట్లలో బొగ్గు కాలాక మిగిలే బూడిద) కలిపి టెస్ట్ కోసం కాంక్రీట్ క్యూబులు పోశాం. 7 రోజుల టెస్టులో అవి మామూలు క్యూబుల కంటే బాగా తక్కువ లోడుకే పగిలిపోయాయి. మిగతావి క్యూరింగ్ నీళ్ల ట్యాంకులోనే ఉంచాం. 28 రోజులకు తేడా తగ్గింది, ఇంకా ఆలస్యంగా టెస్ట్ చేసినవి మామూలు వాటిని దాటేశాయి. సిమెంట్ గట్టిపడేటప్పుడు వెలువడే సున్నంతో ఫ్లై యాష్ నిదానంగా చర్య జరుపుతుంది కాబట్టి బలం ఆలస్యంగా వస్తుంది. ఇది ఏ పుస్తకంలోనైనా ఉండేదే. అయినా నా స్టేట్‌మెంట్‌లో దాదాపు సగం దానికే ఇచ్చాను. ఏం అనుకున్నాం, ఏం కనిపించింది, కారణం కోసం ఏం చదివాను అన్నవి రాశాక ఒక ప్రశ్న మిగిలింది: మొదట్లో బలం తక్కువైతే సైట్‌లో కాంక్రీట్‌ను మోసే సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి? 'ఈ కోర్సే ఎందుకు' అన్నదానికి జవాబు అక్కడే దొరికింది.

మీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, పాత రికార్డులు తిరగేయండి. మార్కుల సంగతి మార్కుల లిస్టే చెబుతుంది, మళ్లీ రాయక్కర్లేదు. 'చిన్నప్పటి నుంచీ ఈ సబ్జెక్టంటే ప్రాణం' అనే వాక్యం ఉంటే కొట్టేయండి (జూనియర్లు చూపించే డ్రాఫ్టుల్లో ఎక్కువ భాగం దానితోనే మొదలవుతాయి). ప్రొఫెసర్ పేరు రాస్తే ఆయన పేపర్ ఒక్కటైనా చదివి రాయండి.

ఎక్కడికి అప్లై చేస్తున్నారో మీరు చెప్పలేదు, దాన్ని బట్టి పద్ధతి మారుతుంది. బ్రిటన్‌లో డిగ్రీకైతే యూకాస్ (అక్కడి యూనివర్సిటీలకు అప్లికేషన్లు పంపే ఉమ్మడి సంస్థ) ద్వారా వెళ్లే స్టేట్‌మెంట్ ఒకటే, మీరు ఎంచుకున్న యూనివర్సిటీలన్నీ అదే చదువుతాయి. అందులో ఒక యూనివర్సిటీని పొగిడితే మిగతా చోట్ల దెబ్బ. 2026 అడ్మిషన్ల నుంచి అది మూడు ప్రశ్నలుగా మారింది: ఈ కోర్సు ఎందుకు, చదువు మిమ్మల్ని దానికెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మొత్తం స్పేస్‌లతో కలిపి 4000 అక్షరాలు, ఒక్కో జవాబు కనీసం 350. అమెరికాలో డిగ్రీకి కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకే అప్లికేషన్ పంపే వేదిక) వ్యాసం 650 పదాలు దాటకూడదు. అక్కడ ఎంఎస్‌కి కొన్ని యూనివర్సిటీలు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం చదవాలనుకుంటున్నారు, ఎందుకు అని చెప్పేది), పర్సనల్ స్టేట్‌మెంట్ రెండూ విడివిడిగా అడుగుతాయి. క్యూబుల లాంటివి మొదటిదానికి, మీ నేపథ్యం రెండోదానికి.

నెట్‌లో దొరికే శాంపిల్స్ నుంచి వాక్యాలు ఎత్తకండి. యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నూ పాతవాటితో పోల్చి చూస్తుంది, పోలిక ఎక్కువగా ఉంటే యూనివర్సిటీలకు చెబుతుంది.