రాష్ట్రాల సరిహద్దులు దాటే జూదాన్ని అమెరికా ఫెడరల్ ప్రభుత్వం నియంత్రించగలదా?

నియంత్రించగలదు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సాగే జూద వ్యాపారాన్ని అదుపు చేసే, అవసరమనుకుంటే పూర్తిగా నిషేధించే అధికారం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు ఉంది. రాజ్యాంగంలో జూదం ప్రస్తావన లేకపోయినా, మొదటి అధికరణంలోని 8వ సెక్షన్ రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది. టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకు లాటరీ టికెట్లు పంపిన కేసులో, అటువంటి రవాణా కూడా వాణిజ్యమేనని, దాన్ని నిషేధించడం నియంత్రణలో భాగమేనని 1903లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. ఒక్క ఓటు తేడాతో వచ్చిన ఆ తీర్పే ఈ అధికారానికి గట్టి పునాది.

ఉదాహరణకు, న్యూజెర్సీలో పందేల వ్యాపారం చేసే వ్యక్తి న్యూయార్క్‌లో ఉన్నవారి నుంచి ఫోన్‌లో క్రీడా పందేలు స్వీకరిస్తే, ఆ రెండు రాష్ట్రాల్లోనూ అటువంటి పందేలు చట్టబద్ధమైనవే అయినా, 1961 నాటి వైర్ చట్టం ప్రకారం అది ఫెడరల్ నేరమవుతుంది. పందేల యాప్‌లు వాడేవారు ఏ రాష్ట్రంలో ఉన్నారో ముందుగా నిర్ధారించుకోవడానికి ఇదీ ఒక కారణం.

2018లో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని తీసేసిందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. క్రీడా పందేలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలను కట్టడి చేసిన 1992 నాటి చట్టాన్ని మాత్రమే కోర్టు కొట్టివేసింది. ఎందుకంటే, ఫలానా చట్టం చేయకూడదని రాష్ట్ర శాసనసభలను ఆదేశించే అధికారం కాంగ్రెస్‌కు లేదు. అయితే కాంగ్రెస్ తానే నేరుగా చట్టం చేసి పందేలను నియంత్రించవచ్చని, అలా చేయనంతవరకు ఏ రాష్ట్రం నిర్ణయం ఆ రాష్ట్రానిదేనని అదే తీర్పు స్పష్టంగా చెప్పింది.