చేతి వణుకుకు కొత్త పరీక్షలు సరే, ముందు నాన్నగారు వాడే మాత్రలు చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. తొమ్మిది నెలలుగా కుడి చెయ్యి వణుకుతోంది. ఊరికే కూర్చున్నప్పుడే ఎక్కువ. నడక నెమ్మదించింది, చేతిరాత చిన్నదైపోయింది. ఎంఆర్ఐ నార్మల్ వచ్చింది. న్యూరాలజిస్ట్ పార్కిన్సన్స్ కావచ్చని లెవోడోపా రాశారు. ఆ మందు ముందే మొదలుపెడితే తర్వాత పనిచేయదని విని ఇంకా వేయలేదు. చర్మం ముక్క తీసి, వెన్నులో నీరు తీసి ఈ జబ్బును కచ్చితంగా తేల్చే పరీక్షలు వచ్చాయని చదివాను. చేయించమంటారా? స్టెమ్ సెల్ చికిత్స వచ్చేదాకా ఆగవచ్చా? బీపీ, షుగర్ లేవు. గ్యాస్, కడుపుబ్బరానికి లెవోసల్పిరైడ్ కలిసిన మాత్ర రోజూ ఒకటి, కళ్లు తిరుగుతున్నాయని సిన్నరిజిన్ మాత్ర రెండేళ్లుగా తనే తెచ్చుకుని వేసుకుంటారు, అంతే. ఐదారేళ్లుగా నిద్రలో కేకలు వేస్తారు, చేతులు విసురుతారు. మొన్న అమ్మకు కంటి పక్కన దెబ్బ తగిలింది.
- ఒక పాఠకురాలు

సమాధానం: మీరు మూడు ప్రశ్నలు అడిగారమ్మా. నా కన్ను మాత్రం చివర్లో మీరు ‘అంతే’ అని వదిలేసిన ఆ రెండు మాత్రల దగ్గరే ఆగింది. వాటి సంగతి న్యూరాలజిస్ట్‌కు చెప్పారా? మీరు రాయలేదు. చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగితే చాలామందికి బీపీ, షుగర్ మాత్రలే గుర్తొస్తాయి. గ్యాస్ మాత్రను ఎవరూ మందుల లెక్కలో వేయరు.

పార్కిన్సన్స్‌లో, కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని మెదడులో తయారుచేసే కణాలు క్రమంగా తగ్గిపోతాయి. కదలికలు నెమ్మదించడానికి, కండరాలు బిగుసుకోవడానికి, వణుకుకు అదే మూలం. లెవోసల్పిరైడ్ చేసే పని వేరు. డోపమిన్ ఉన్నా, అది వెళ్లి అతుక్కోవాల్సిన చోటును ఈ మందు ముందే ఆక్రమిస్తుంది. సిన్నరిజిన్‌కూ, దాని కుటుంబానికే చెందిన ఫ్లూనారిజిన్‌కూ కొంతవరకు ఈ గుణం ఉంది. ఫలితం బయటికి ఒకేలా కనిపిస్తుంది. అదే వణుకు, అదే నెమ్మది నడక. మందుల వల్ల వచ్చే ఈ పార్కిన్సనిజం అరుదైనది కాదు, వయసు పైబడిన వారిలో మరీ ఎక్కువ. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కూడా వణుకు తెప్పించగలదు.

అంటే మీ నాన్నగారిది మందుల వల్ల వచ్చిందేనా? చూడకుండా ఆ మాట నేను అనలేను, అనకూడదు కూడా. పైగా మీరు రాసినవాటిలో అటువైపు మొగ్గని విషయాలున్నాయి. మందుల వల్ల వచ్చేది మామూలుగా రెండు వైపులా ఒకేలా ఉంటుంది. నాన్నగారికి ఒక చేతికే ఉంది. ఇక నిద్రలో కేకలు, చేతులు విసరడం. కలగనే నిద్రలో మన కండరాలు వదులై, శరీరం కదలకుండా ఉండాలి. ఆ ఏర్పాటు దెబ్బతిన్నవారు కలలో జరిగేదంతా మంచం మీద చేసేస్తారు. పార్కిన్సన్స్ వచ్చేవారిలో కొందరికి చేతి వణుకు రావడానికి చాలా ఏళ్ల ముందే ఇది మొదలవుతుంది. వాసన తెలియకపోవడం, మలబద్ధకం కూడా అలాంటివే. ఈ రెండూ నాన్నగారికి ఉన్నాయేమో అడిగి చూడండి. మాత్రలు ఐదారేళ్ల నుంచి లేవు, నిద్ర సమస్య ఉంది. కాబట్టి లోపల నెమ్మదిగా నడుస్తున్న జబ్బును ఈ మాత్రలు ముందే బయటికి లాగి, ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తుండవచ్చు. అలా రెండూ కలిసి ఉన్న పేషెంట్లను మేం చూస్తుంటాం.

అందుకే మొదట జరగాల్సింది ఇది. ఆ రెండు మాత్రల అట్టలు తీసుకుని, ఈ వారంలోనే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఆపమంటారనే నా అంచనా. గ్యాస్‌కు, కళ్లు తిరగడానికి వేరే దారి వాళ్లే చూపిస్తారు. అసలు కళ్లు ఎందుకు తిరుగుతున్నాయో రెండేళ్లలో ఎవరూ చూడలేదన్నది నాకు ఇంకో దిగులు. లేచి నిలబడినప్పుడు తిరుగుతుంటే, బీపీ పడిపోతోందేమో పడుకోబెట్టి, నిలబెట్టి కొలవాలి. పార్కిన్సన్స్‌లోనూ, దాన్ని పోలిన కొన్ని జబ్బుల్లోనూ అలా పడిపోతుంది. మందు ఆపిన వెంటనే వణుకు పోతుందని ఎదురుచూడకండి. కొందరికి వారాల్లో తగ్గుతుంది, కొందరికి ఆరు నెలలు, అంతకు మించి కూడా పడుతుంది. ఇది చదువుతున్న మిగతావారికి ఒక హెచ్చరిక. మానసిక వ్యాధికో, మూర్ఛకో మందు వాడుతున్నవారు దాన్ని సొంతంగా ఆపవద్దు. ఆ ప్రమాదం వణుకు కంటే పెద్దది.

కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. డాక్టర్‌ను అడగకుండా తనే తెచ్చుకున్న మాత్రను రెండేళ్లు వేసుకోవడం చిన్న విషయం కాదు. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పకపోవడం ఇంకా బాధ కలిగిస్తుంది. ప్రతి వారం ఇలాంటి మాత్రల అట్ట ఒకటైనా నా టేబుల్ మీదికి వస్తుంది. కొన్నిసార్లు అది బయటపడేసరికి పేషెంట్‌కు పార్కిన్సన్స్ మందు కూడా మొదలైపోయి ఉంటుంది. ఒకపక్క మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా, ఇంకోపక్క దాన్ని అడ్డుకునే మాత్ర. కాలువకు నీళ్లు వదులుతూ తూము మూసేసినట్టే.

ఇప్పుడు మీరడిగిన పరీక్షలు. ఈ రంగంలో ఇది నిజంగా పెద్ద ముందడుగు. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ వంకర తిరిగి మెదడు కణాల్లో గడ్డకడుతుందని 1997లో తేలింది. బతికున్న మనిషిలో దాన్ని పట్టుకునే దారి చాలా కాలం దొరకలేదు. వెన్ను నీటిలో ఆ వంకర ప్రొటీన్ కొద్దిగా ఉన్నా, దాన్ని ల్యాబ్‌లో పెరగనిచ్చి గుర్తించే పరీక్షను 1,123 మంది మీద చూసి 2023లో ఫలితాలు ప్రచురించారు. పార్కిన్సన్స్ ఉన్నవారిలో దాదాపు 88 శాతం మందిలో పాజిటివ్ వచ్చింది. చర్మం పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. అక్కడ దాదాపు 93 శాతం మందిలో ప్రొటీన్ కనిపించింది, ఆరోగ్యవంతుల్లో 3 శాతం మందిలోనే. అంకెలు బాగున్నాయి. కానీ మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ అనే వేరే జబ్బులోనూ, మతిమరుపు తెచ్చే లూయీ బాడీ డిమెన్షియాలోనూ చర్మం పరీక్ష పాజిటివే వస్తుంది. ఎల్ఆర్ఆర్‌కే2 అనే జన్యువులో మార్పు వల్ల జబ్బు వచ్చినవారిలో కొందరికి వెన్ను నీటి పరీక్ష నెగటివ్ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పాజిటివ్ వచ్చినా ఈరోజు మీ డాక్టర్ రాసే మందు మారదు.

మీ నాన్నగారి విషయంలో ‘ఇది మాత్రల వల్లనా, లేక జబ్బు వల్లనా’ అన్న అనుమానం తీరకపోతే, డాట్ స్కాన్ గురించి న్యూరాలజిస్ట్‌ను అడగండి. డోపమిన్ కణాల చివరలు మెదడులో ఎంత మిగిలాయో అది చూపిస్తుంది. కేవలం మందుల వల్ల వచ్చినదైతే స్కాన్ నార్మల్‌గా ఉంటుంది. పార్కిన్సన్స్ అయితే తగ్గి కనిపిస్తుంది. కొన్ని మందులు ఈ స్కాన్‌నూ తారుమారు చేస్తాయి, కనుక అక్కడా మందుల జాబితా చూపించాలి. ఎంఆర్ఐ నార్మల్ వచ్చిందని సంతోషపడ్డారో, అయోమయపడ్డారో తెలియదు. పార్కిన్సన్స్‌లో మామూలు ఎంఆర్ఐ నార్మల్‌గానే ఉంటుంది. వేరే కారణాలు లేవని చూసుకోవడానికే అది తీయిస్తాం. ఇప్పటికీ ఈ జబ్బును ప్రధానంగా తేల్చేది, చేతిని ఆడించి, నడిపించి చూసే డాక్టర్ పరీక్షే.

లెవోడోపాను దాచుకోవాలన్న మాట చాలా పాతది. 1960ల చివర్లో ఆ మందు నిలదొక్కుకుంది, ఆ తర్వాత ఈ భయమూ వెంట వచ్చింది. 2014లో ఘనా, ఇటలీ పేషెంట్లను పోల్చిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. ఘనాలో మందు అందక, జబ్బు మొదలైన నాలుగేళ్లకు గానీ లెవోడోపా మొదలయ్యేది కాదు. ఇటలీలో రెండున్నరేళ్లలోపే మొదలయ్యేది. ఆలస్యం మేలు చేసేదే అయితే, మందు ప్రభావం మధ్యలో తగ్గిపోవడం, ఒళ్లు అదుపు లేకుండా ఊగడం లాంటివి ఘనా వారికి ఎన్నో ఏళ్లు ఆలస్యంగా రావాలి. అలా జరగలేదు. జబ్బు మొదలై ఎన్నేళ్లయిందన్న దాన్ని బట్టే అవి రెండు చోట్లా వచ్చాయి. రోజూ వేసుకునే మోతాదుకూ అందులో పాత్ర ఉంది. 2019లో 445 మందితో చేసిన మరో అధ్యయనంలో, 40 వారాలు ముందు మొదలుపెట్టినవారికీ ఆలస్యంగా మొదలుపెట్టినవారికీ చివరికి తేడా కనిపించలేదు. అంటే మందు జబ్బును నెమ్మదింపజేయలేదు, ముదరబెట్టనూ లేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేక, నడకకు భయపడి ఇంట్లోనే కూర్చుని గడిపిన నెలలు మాత్రం మళ్లీ రావు. అందుకని పాత మాత్రల సంగతి తేల్చుకున్నాక, డాక్టర్ వేయమంటే వేయండి.

మొదట్లో కొందరికి వికారం వస్తుంది. నా అసలు భయం అక్కడే. వికారం అనగానే ఇంట్లో ఉన్న వాంతుల మాత్ర తీస్తారు, అది మెటోక్లోప్రమైడ్ అయి ఉంటుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈ జబ్బులో వాడదగ్గ వాంతుల మందులు వేరే ఉన్నాయి, అవి గుండెకు సరిపడతాయో లేదో చూసి డాక్టరే రాయాలి. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిసి వేస్తే లెవోడోపా సరిగా ఒంటికి పట్టదు కాబట్టి అరగంట ముందు వేయడం మంచిది. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. ఆ పొడిని మందుతో పాటు గుట్టుగా వాడితే మోతాదు లెక్క తప్పుతుంది, వాడుతుంటే చెప్పేయండి. ఒకసారి మొదలుపెట్టాక ఉన్నట్టుండి ఆపకూడదు. తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడంతో ప్రాణం మీదికి రావచ్చు.

స్టెమ్ సెల్స్ కోసం ఆగవద్దు. 2025 ఏప్రిల్‌లో రెండు చిన్న అధ్యయనాల ఫలితాలు వచ్చాయి, అమెరికా, కెనడాల్లో 12 మంది, జపాన్‌లో ఏడుగురు. ల్యాబ్‌లో పెంచిన డోపమిన్ కణాలను మెదడులో నాటారు. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు, కణాలు బతికాయి. ఆశ కలిగించే సంగతే. అయితే అవి ముఖ్యంగా భద్రత చూడటానికి చేసినవి, పోల్చి చూడటానికి ఉత్తుత్తి చికిత్స తీసుకున్న గుంపు వాటిలో లేదు. చిన్న అధ్యయనంలో మేలు కనిపించగానే ఎందుకు నమ్మేయకూడదో, షుగర్ జబ్బుకు వాడే ఇంజెక్షన్లను పార్కిన్సన్స్‌లో పరీక్షించిన అనుభవం చెబుతుంది. లిక్సిసెనటైడ్ 2024లో కాస్త మేలు చూపింది, అదే కుటుంబానికి చెందిన ఎక్సెనటైడ్ 2025లో పెద్ద పరీక్షలో ఏ మేలూ చూపలేదు. డబ్బు తీసుకుని నరానికో, వెన్నుకో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామనే చోటుకు మాత్రం నాన్నగారిని తీసుకెళ్లకండి. వ్యాయామం మాత్రం డాక్టర్ సరేనన్న వెంటనే మొదలుపెట్టవచ్చు, గుండె వేగం పెరిగేంత చురుగ్గా.

అమ్మగారి సంగతి మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. ఆమెను ఈ రాత్రి నుంచే వేరే మంచం మీద పడుకోమనండి. నాన్నగారి మంచం పక్కనున్న గాజు వస్తువులు, మొనదేలిన బల్ల తీసేయండి, కింద పరుపు వేయండి. ఆయన నిద్రలో అలా చేస్తున్నప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి, మాత్రల అట్టలతో పాటు దాన్నీ న్యూరాలజిస్ట్‌కు చూపించండి.