రాత్రంతా ఒగ్గుకథ, ఫోన్‌లో ఖాళీ 3 జీబీ!

ప్రశ్న: మా ఊళ్లో బీరప్ప కథ చెప్పిస్తున్నాం. తెల్లారేదాకా, ఎనిమిది గంటలైనా నడుస్తుంది. మొత్తం రికార్డు చేసి దాచుకోవాలని ఉంది. ఫోన్‌లో ఖాళీ 3 జీబీయే. వేవ్‌లో పెడితే మధ్యలోనే నిండిపోతుందని ఒకరు, ఎంపీ3లో పెడితే సౌండ్ పాడవుతుందని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, నకిరేకల్

జవాబు: ఇద్దరి మాటా నిజమే. వేవ్ శబ్దాన్ని కుదించకుండా దాస్తుంది. సీడీ క్వాలిటీ వేవ్ అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దం కొలతలు), ఒక్కోదానికి 16 బిట్లు, అదీ రెండు చానళ్లలో. గంటకు దాదాపు 635 ఎంబీ. మీకున్న జాగా ఐదు గంటలకు కూడా సరిపోదు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) ఎంపీ3కి గంటకు 58 ఎంబీ చాలు, యాభై గంటల రికార్డింగు పడుతుంది. అంత ఖాళీ మిగుల్చుకుని మీరేం చేస్తారు?

పైగా ఒగ్గుకథలో ఉండేది మాట ఒక్కటే కాదు, డోలు, తాళాలు కూడా. చెవి పెద్దగా పట్టించుకోదనుకున్న శబ్దాన్ని ఎంపీ3 తీసేస్తుంది. 128 దగ్గర చాలా ఎన్‌కోడర్లు (ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్లు) 16 కిలోహెర్ట్జ్‌కు అటూఇటూగా పైభాగాన్ని, అంటే బాగా సన్నటి శబ్దాన్ని, కోసేస్తాయి. కథకుడి మాటకు ఇబ్బంది ఉండదు. దెబ్బ తగిలేది తాళాలకే. ఝల్లుమనాల్సింది సుయ్‌సుయ్‌మంటుంది.

అందుకే ముందు వదులుకోవాల్సింది స్టీరియోను. సెట్టింగుల్లో మోనో (ఒకే చానల్) పెట్టండి. వేవ్ గంటకు 318 ఎంబీకి దిగుతుంది, ఎనిమిది గంటలకు రెండున్నర జీబీ. సరిపోయింది! మైకు ఒక్కటే ఉన్న ఫోన్లో స్టీరియో అంటే ఒకే శబ్దాన్ని రెండుసార్లు రాసుకోవడమే. మీ ఫోన్ రికార్డర్‌లో వేవ్ లేకపోతే అది ఉన్న యాప్ వేసుకోండి. అదీ కుదరకపోతే ఎంపీ3లాగే కుదించే ఎం4ఏ ఫార్మాట్, 192 కేబీపీఎస్‌లో. అదే బిట్ రేట్ దగ్గర సాధారణంగా ఎంపీ3 కంటే నయం.

ఫార్మాట్ గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లు లెవెల్ (శబ్దం ఎంత గట్టిగా రికార్డవుతోంది) సంగతి మర్చిపోతారు. డోలు గట్టిగా పడ్డప్పుడు మీటర్ ఎర్రగీత తాకిందంటే శబ్దం పగిలినట్టే, ఏ ఫార్మాటూ దాన్ని బాగుచేయలేదు. టెస్టింగ్ 'హలో హలో'తో కాదు, డోలు కొట్టించి చేయండి. ఫోన్‌ను సౌండ్ బాక్సు ముందు పెట్టొద్దు. ఏరోప్లేన్ మోడ్ వేయండి, చార్జర్ పెట్టి ఉంచండి. గంటకోసారి ఆపి కొత్త ఫైల్ మొదలుపెట్టండి. మధ్యలో ఫోన్ ఆగిపోతే, సరిగా మూసుకోని వేవ్ ఫైల్‌ను కొన్ని ప్లేయర్లు తెరవవు.

ప్రశ్న: పాత ఎంపీ3 పాటల్ని వేవ్‌లోకి మార్చాను. సైజు పదింతలైంది, సౌండ్ మాత్రం అదే. ఎందుకు?
- ఓ పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: పిండేసిన చెరకును ఎంత పెద్ద గిన్నెలో పెడితే మాత్రం రసం వస్తుందా? ఎంపీ3 చేసినప్పుడు పోయింది పోయినట్టే. ఆ వేవ్‌లు డిలీట్ చేసి, ఎంపీ3లే ఉంచుకోండి. అసలు సీడీలు ఇంట్లో ఉంటే వాటి నుంచి ఫ్లాక్ ఫార్మాట్‌లోకి తీయండి. కుదించినా శబ్దంలో ఏమీ పోదు, సైజు వేవ్‌లో సగానికి అటూఇటూగా ఉంటుంది.