బరువు ఎక్కువున్న పిల్లలను ముందుగా ఫ్యామిలీ డాక్టరుకే చూపించండి

పదేళ్ల మీ బాబు ఏడాదిలో బాగా బరువు పెరిగాడని, బడిలో తోటి పిల్లలు ఏడిపిస్తున్నారని, నేరుగా హార్మోన్ల స్పెషలిస్టు దగ్గరికి తీసుకువెళ్లాలా లేక ఎప్పుడూ చూసే ఫ్యామిలీ డాక్టరు సరిపోతారా అని మీరు అడిగారు. ఇదే సందేహంతో మేము ఆరు నెలలు పోగొట్టుకున్నాం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది తెనాలి. అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మొదట మేము వేరే ఊళ్లోని ఒక బరువు తగ్గించే కేంద్రానికి వెళ్లాం. అక్కడ పాపను పదిమంది ఎదుట తూకం వేసి, అంకె పైకి చదివి, అచ్చువేసిన ఆహార పట్టిక ఒకటి చేతిలో పెట్టారు. ఇంట్లో అందరం పప్పు, నెయ్యి, ఆవకాయతో అన్నం తింటుంటే పాప ఒక్కతే గిన్నెలో సూపు పెట్టుకుని కూర్చునేది. మూడో నెలలో ఒకనాడు దిండు గలీబు మారుస్తుంటే అందులోంచి బిస్కెట్ల కాగితాలు రాలాయి. నా బిడ్డ నా ఇంట్లోనే దొంగచాటుగా తినవలసి వచ్చిందన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తరువాతే మా వీధి చివర ఉన్న డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. మా మామగారి షుగరుకు మందులిచ్చింది ఆయనే. పాప కడుపులో ఉన్నప్పుడు నాకు షుగరు వచ్చిన సంగతి చెప్పడం నేను మరిచిపోతే, ఆయనే గుర్తుచేసి, అలాంటి తల్లులకు పుట్టిన పిల్లల్లో బరువు, షుగరు విషయంలో మరికాస్త జాగ్రత్త అవసరమని చెప్పారు. లోపలి గదిలో, మేము ఎవరమూ అంకె చూడకుండా తూకం వేశారు. ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు, అంటే ఎత్తుకు బరువు తగినట్టు ఉందో లేదో చెప్పే లెక్క బీఎంఐ 23.4. పెద్దవాళ్ల లెక్కలో ఇది అంత పెద్ద సంఖ్యగా కనిపించదు కానీ, పిల్లలకు వయసును బట్టి వేరే గీతలు ఉంటాయి. 5 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం భారత శిశువైద్యుల అకాడమీ 2015లో ఇచ్చిన పెరుగుదల పటంలో పెన్సిలుతో చుక్క పెట్టి చూపించారు. అది ఊబకాయం గీతకు పైన పడింది.

ఆయన పాప జడ పక్కకు తీసి మెడ వెనుక చూశారు. అక్కడ నల్లటి పట్టీలాంటి మచ్చ ఉండేది. అది మట్టి అనుకుని మా అత్తయ్యగారు ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దేవారు, పాప ఏడ్చేది. ‘రుద్దకండమ్మా, అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం చెబుతున్న మాట’ అన్నారు. థైరాయిడ్ వల్ల కావచ్చా అని నేను అడిగితే, హార్మోన్ల లోపంతో లావైన పిల్లల్లో సాధారణంగా ఎత్తు పెరగడం మందగిస్తుందని, పాప ఎత్తు వయసుకు తగ్గట్టే ఉందని వివరించారు. పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్, లివరు పరీక్షలు చేయించారు. లివరు ఎంజైము కాస్త ఎక్కువగా ఉంది, మిగతావి బాగానే ఉన్నాయి.

నా మనసులో బాగా నాటుకున్న మాట ఒకటుంది. పాప బరువు తగ్గించనక్కరలేదని, బరువును ఉన్నచోట ఆపగలిగితే ఎత్తు పెరిగేకొద్దీ బీఎంఐ దానంతట అదే దిగుతుందని ఆయన అన్నారు. ఎదిగే పిల్లలకు ఉన్న ఈ వెసులుబాటు పెద్దవాళ్లకు లేదు. అది విన్నాక మా ఇంట్లో సగం ఆందోళన తగ్గింది.

తరువాత ఆయన పాపను వదిలి మమ్మల్ని ప్రశ్నించారు. నూనె డబ్బా ఎన్నాళ్లకు ఒకటి అవుతోంది, పాలలో ఏమి కలుపుతున్నారు, రాత్రి టీవీ ఎప్పుడు ఆపుతున్నారు అని అడిగారు. రెండు పూటలా గ్లాసు పాలలో రెండు చెంచాల పొడి, రెండు చెంచాల పంచదార వేస్తున్నామని లెక్క తేలింది. పంచదారే రోజుకు 20 గ్రాములకు దగ్గర, పొడిలో ఉన్నది వేరు. ముందుగా ఆ పాలను, సీసాల్లోని పళ్లరసాలను మార్పించారు. బడి నుంచి ఆకలితో వచ్చే వేళకు మిక్చరు, పునుగుల బదులు ఉడికించిన శనగలు, జామకాయ, మజ్జిగ సిద్ధంగా ఉంచమన్నారు. ఆదివారం బజ్జీలు మాత్రం మానవద్దని ఆయనే చెప్పారు. అన్నం అందరికీ తగ్గింది, కూర, పప్పు పెరిగాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదనే చెబుతున్నాయి. మా ఇళ్లలో కంచం నిండా అన్నమే ఉంటుంది కనుక ఈ మార్పు తేలిక కాలేదు. ‘బొద్దుగా ఉంటేనే పిల్లకు అందం’ అనే అత్తయ్యగారిని ఒప్పించడం నా వల్ల కాలేదు. ఇరవై ఏళ్లుగా తన బీపీ చూస్తున్న డాక్టరు చెప్పాక ఆవిడ కాదనలేకపోయారు. స్పెషలిస్టు ఎంత గొప్పవారైనా ఆ పని చేయగలిగేవారు కాదని నా నమ్మకం.

ఆటకు రోజుకు గంట అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేము ఇరవై నిమిషాల తాడాటతో మొదలుపెట్టాం, తరువాత ట్యూషనుకు సైకిలు. తొమ్మిదిన్నరకల్లా నిద్ర. ఇంట్లో తూకం యంత్రం తీసేశాం. నెలకొకసారి క్లినిక్‌లోనే తూకం.

పద్నాలుగు నెలలకు పాప 141 సెంటీమీటర్లు, 43 కిలోలు. బీఎంఐ 21.6కు దిగింది. మధ్యలో సంక్రాంతి సెలవుల్లో కిలోన్నర పెరిగినప్పుడు డాక్టరుగారు పటంలో చుక్క పెట్టి, ఏమీ అనకుండా సైకిలు సంగతి అడిగారు. మెడ మచ్చ పూర్తిగా పోలేదు, బాగా పలచబడింది.

స్పెషలిస్టు అవసరమయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. బాబు బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, దాహం, మూత్రం బాగా ఎక్కువైనా, తుంటి లేక మోకాలు నొప్పితో కుంటుతున్నా, చూపు మసకతో తలనొప్పి వస్తున్నా ఆలస్యం చేయవద్దు. వీటిని గుర్తించి ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పడం కూడా ఫ్యామిలీ డాక్టరు పనే.

వెళ్లేటప్పుడు టీకాల కార్డు, బడిలో రాసిన పాత ఎత్తు, బరువు వివరాలు పట్టుకెళ్లండి. ముందురోజే ఫోను చేసి, బాబు ఎదుట ‘లావు’ అనే మాట వాడవద్దని, తూకం విడిగా వేయమని డాక్టరుగారిని అడగండి. వీలైతే బాబు నాన్నగారిని కూడా వెంట తీసుకువెళ్లండి.